ఉతికిన తాడు

పోయినవారం మనం కోడల్ని ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? వంటింటి ద్వారబంధం పై అంచును వేళ్ళ కొసలతో పట్టుకుని, నేలకు జానెడెత్తున వేలాడుతోంది. సరిగ్గా అప్పుడే టీవీలో వార్త వచ్చింది. మర్నాటి నుంచి వ్యాయామం కోసం మధ్యాహ్నం దాకా బయటికి వెళ్ళవచ్చు, ఇద్దరికి మించి కలిసి తిరగకూడదు, పెద్ద వయసువాళ్ళు మాత్రం గడప దాటకూడదు. మొదటి ముక్క వినగానే కోడలు పట్టు వదిలేసి ధబ్బున దూకింది. కింది వాటావాళ్ళు తమ పైకప్పును చీపురుకట్టతో పొడిచారు. చివరి ముక్క తన గురించేనని గ్రహించిన మామగారు టీవీ కట్టేసి కూర్చున్నారు.

ఇది ఆ మర్నాటి పొద్దుటి కథ.

ద్వారబంధానికి వేలాడ్డమేమిటని ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళు అడుగుతారు. అడగాల్సిందే. మన కోడలికీ ఆవిడ ఆడపడుచుకీ బండలెక్కడం పిచ్చి. మెట్లూ కమ్మీలూ ఉన్న కొండలు కాదు, గోడల్లా నిలువుగా లేచిన బండలు. నడుముకు తాడు కట్టుకుని ఒకరు ఎక్కుతుంటే, ఆ తాడు రెండో కొస పట్టుకుని ఇంకొకరు కింద నిలబడతారు. పైవాళ్ళు జారితే కిందివాళ్ళు ఆపాలి. అందుకే వదినామరదళ్ళు ఇంట్లో ఎంత పోట్లాడుకున్నా బండ దగ్గర మాత్రం ఒకరి మాట ఒకరు జవదాటరు. ఆడపడుచుకి కన్నతండ్రే 'బల్లి' అని పేరు పెట్టారు. ఉయ్యాల్లో ఉన్నప్పుడు పెట్టిన పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఎక్కినదారిన నడిచి దిగడం ఆ పిల్ల జాతకంలో లేదు. వెనకవైపు ఎంత చక్కటి కాలిబాట ఉన్నా సరే, పైన తాడు కట్టి, దానికి వేలాడుతూ జర్రున జారితే తప్ప దానికి దిగినట్టుండదు.

ఊరి బయట ముక్కుబండ అని ఒకటుంది. పైన బయటికి పొడుచుకొచ్చిన దాని ముక్కు దాటాలని ఇద్దరూ రెండు వేసవులుగా కుస్తీ పడుతున్నారు. ఇంకో మూరెడు చేయి సాగితే పై అంచు అందుతుందనగా మహమ్మారి వచ్చి ఊరంతా మూతపడింది. నోటిదాకా వచ్చింది చేజారినట్టయింది.

అప్పటి నుంచి కోడలు గుమ్మాలకు వేలాడుతోంది. రెండు వీధుల అవతల బల్లి తన ఇంటి మెట్లను అడుగువైపు నుంచి ఎక్కుతోందట. ఎదురింటి పడవాయన వీళ్ళకంటే నయం. నదుల్లో పందేలకు వెళ్ళే మనిషి, తన సన్నటి పొడుగాటి పడవను బాల్కనీలోకి తెచ్చుకుని, పొద్దున్నే అందులో కూర్చుని గాలిలో తెడ్డు వేస్తాడు. కోడలికి ఆ పడవే గడియారం. ఎండ ముందు దాని ముక్కు మీద పడి, మెల్లగా తోక వైపు జరుగుతుంది. తోక ముట్టుకునే వేళకు అక్కడ ముక్కుబండ మొహం మీద కూడా ఎండ పడుతుందని ఆవిడ ఏనాడో లెక్క కట్టుకుంది. ఎండ పడిన బండను ఎవరూ ఎక్కరు, చేతులు చెమర్చి జారిపోతాయి. వెళ్ళే యోగం లేకపోయినా రోజూ ఆ ఎండ కేసి చూసి, 'ఇప్పుడు దిగిపోవాలి' అనుకుని ఫోను ముందు కూర్చునేది.

మామగారికి ఇలాంటి ఆటలేం లేవు. సర్వీసంతా బస్సు నడిపిన మనిషి, రోడ్డే ఆయనకు ఆట. పోయిన చలికాలం న్యుమోనియా వచ్చి ఆస్పత్రిలో పడుకుని లేచారు గనక, కోడలు ఆయన్ని గడప దాటనివ్వడం లేదు. ఊరు మూసిన కొత్తలో పేపరు కోసమని వెళ్ళి, వీధి చివర ఎవరితోనో కబుర్లాడి వచ్చారు. ఆ సాయంత్రమే ఆయన నల్ల బూట్లు మాయమయ్యాయి. బూట్లు లేకుండా స్టీరింగు ముట్టుకోకూడదన్నది ఆయన నియమం. చెప్పులతో బ్రేకు తొక్కేవాడు డ్రైవరే కాడంటారు. ఆ సంగతి తెలిసే కోడలు వాటిని అటక చివర, పాత ఫ్యాను పెట్టెలో దాచింది. ఆయన వెతకనూ లేదు, అడగనూ లేదు. వారానికోసారి, ఆవిడ ఒప్పుకున్న మీదటే, రబ్బరు చెప్పులతో కిందికి దిగి, బ్యాటరీ చచ్చిపోకుండా కారు ఇంజను కాసేపు ఆడించి వచ్చేవారు. కారు మాత్రం అంగుళం కదిలించేవారు కాదు.

ఇక ఈ పొద్దుటి సంగతి. కోడలి భర్త నీటి సరఫరాలో పనిచేస్తాడు, తెల్లారకుండానే ఆఫీసు వ్యానొచ్చి తీసుకుపోయింది. బల్లి తన స్కూటరు మీద ముందుగా వెళ్ళి, కాలిబాటన ముక్కుబండ పైకెక్కి తాడు కట్టి ఉంచేట్టు, కోడలు ఈ ఒక్కరోజుకు అడిగి వేయించుకున్న తెల్లవారుజాము షిఫ్టు ముగించుకుని సైకిలు మీద వెళ్ళి కలిసేట్టు ఇద్దరూ అనుకున్నారు. కోడలికి కారు తోలడం రాదు. "నిలువు బండ ఎక్కుతుందిట, రివర్సు గేరంటే భయమట" అని మామగారు అందరితో చెప్పి నవ్వుతారు.

కోడలి ఉద్యోగం వాషింగ్ మెషీన్ల కంపెనీకి వచ్చే ఫిర్యాదులు వినడం. చెవికి ఫోను తగిలించుకుని, "చెప్పండి, మీకెలా సాయపడగలను?" అంటూనే ఆవిడ తాడును ఒళ్ళో వేసుకుంది. బండ దగ్గరికి వెళ్ళేముందు తాడు తడమడం వాళ్ళిద్దరి ఆచారం. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళ మధ్య నుంచి మెల్లగా పోనిస్తారు, కళ్ళు మూసుకుని. కళ్ళు మోసపోవచ్చుగానీ వేళ్ళు మోసపోవని బల్లి సిద్ధాంతం. ఎక్కడైనా మెత్తబడిందా, నలిగిందా, ముడిలాంటిది తగిలిందా అని చూడాలి. సగానికి వచ్చాక మాత్రం కళ్ళు తెరవాలి. అక్కడ తాడు నడిమధ్య తెలియడానికి బల్లి నల్ల ఇంకుతో బెత్తెడు గుర్తు పెట్టింది.

కోడలు కళ్ళు తెరిచింది. గుర్తు లేదు.

రెండు కొసలూ కలిపి మళ్ళీ సగం పట్టుకుని చూసింది. ఇంకు మరకైనా లేదు. వెలుతురులో పెడితే, నారింజ రంగు తాడు కాస్తా మజ్జిగ కలిపినట్టు తేలిపోయి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. బ్లీచింగు వాసన. నిజానికి ఇంట్లో తలుపు గడియ నుంచి టీవీ రిమోటు దాకా అన్నిటికీ అదే వాసన, ఎందుకంటే మామగారు రోజూ గుడ్డ పట్టుకుని అన్నీ తుడుస్తారు. ఆ వాసనకు ముక్కు అలవాటు పడిపోయి ఇన్నాళ్ళూ తెలియలేదు.

 కోడలు ఆఖరి ఫోను పెట్టేసి, షిఫ్టు ముగించి, తాడుతో సహా హాల్లోకి వచ్చింది. మామగారు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. పాత పేపరు.

"మామయ్యగారూ, ఒక చిన్న సందేహం అండి" అంది ఫోనులో మాట్లాడే గొంతుతోనే.

ఆ గొంతు వినగానే ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తారు.

"ఈ మధ్య ఈ తాడును ఎవరైనా నీళ్ళలో వేశారాండీ?"

"నాకేం తెలుసమ్మా. నేను తుడిచేవి గడియలూ స్విచ్చులూనూ. తొట్టిలో నానబెట్టేంత ఓపిక నాకెక్కడిది?"

తొట్టి అనిగానీ నానబెట్టడమనిగానీ కోడలు అననేలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. ఇలాంటివాళ్ళు ఆవిడకు రోజూ తగులుతారు. 'మేమేం వెయ్యలేదండి, దానంతటదే ఆగిపోయింది' అంటారు. గద్దిస్తే బిగుసుకుపోతారు. ఏమీ అనకుండా ఊరుకుంటే చాలు, ఆ నిశ్శబ్దం భరించలేక వాళ్ళే చెప్పేస్తారు. కోడలు ఎదురు కుర్చీలో కూర్చుని ఊరుకుంది.

మామగారు పేజీ తిప్పారు. మళ్ళీ వెనక్కి తిప్పారు. చివరికి పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"నేనే ఉతికానమ్మా."

"దేంతో?"

"బ్లీచింగు పౌడరుతో. రాత్రంతా నానబెట్టి, మేడ మీద ఎండలో ఆరేశా. మరకొక్కటి లేకుండా పోయింది చూడు, కొత్తదానిలా లేదూ?" అన్నారు, ఆ చివరి మాట దగ్గర కాస్త గర్వం కూడా దాచుకోలేక.

కోడలికి ఒళ్ళు మండింది. మండకుండా ఎలా ఉంటుంది? "ఇంట్లో ఇన్ని వస్తువులుండగా దీని మీదే పడ్డారేమిటి మామయ్యగారూ! మా తాళ్ళు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"గోడ మీద ఫొటో ఉంది కదమ్మా" అన్నారాయన.

కోడలు తలెత్తి చూసింది. బండ మీద తను, పైన కొక్కేనికి తాడు తగిలించేముందు కొంచెం తాడు లాగి పళ్ళతో పట్టుకున్న ఫొటో. ఒక చేయి బండ మీద, ఇంకో చేయి తాడు మీద ఉంటే ఆ కాస్తసేపూ పళ్ళే మూడో చేయి. ఎక్కేవాళ్ళంతా చేసే పనే.

"రోజూ ఈ కుర్చీలో కూర్చుంటే అదే కనబడుతుంది. ఆ తాడు ఎక్కడెక్కడి మట్టిలో పడిందో, ఎవరెవరు ముట్టుకున్నారో. మీరిద్దరూ దాన్ని నోట్లో పెట్టుకుంటారు. టీవీలో చూస్తే ముక్కూ నోరూ అని ఒకటే గోల. నాకు నిద్ర పట్టలేదమ్మా. నన్ను గడప దాటనివ్వకుండా మీరు కాపాడుతున్నారు. మరి నేను మీకేం చెయ్యాలి? చేతనైంది చేశాను."

కోడలి కోపం సగం అక్కడే దిగిపోయింది. మిగతా సగం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆవిడ నేల మీదికి జారి, ఆయన కాళ్ళ దగ్గర తాడు కుప్పగా పోసి కూర్చుంది.

"ఇది నైలాను మామయ్యా. బ్లీచింగు దీన్ని లోపల్నించి తినేస్తుంది. మామూలు నీళ్ళు తప్ప ఇంకేం తగలకూడదు."

"తినేస్తే తెలియదూ? నేను పరీక్ష కూడా చేశా. మెట్ల కమ్మీకి కట్టి, నిండు గ్యాసు సిలిండరు వేలాడదీశా. చెక్కుచెదరలేదు."

"వేలాడితే ఆగుతుంది. పడితే ఆగుతుందో లేదో చెప్పలేం. అదే దీంతో వచ్చిన చిక్కు. చూడ్డానికి బాగానే ఉంటుంది, లాగితే బాగానే ఉంటుంది. ఏ రోజు, ఎవరి బరువు కింద తెగుతుందో తెలియదు."

 బస్సు బ్రేకుల గురించి తెలిసిన మనిషికి ఈ మాట ఇంకోలా చెప్పక్కర్లేదు.  "అంటే ఈవేళ నువ్వు దీన్ని తడమకుండా వెళ్ళుంటే..." అని ఆగిపోయారు.

"తడమకుండా వెళ్ళం. అందుకే కదా ఆ ఆచారం" అంది కోడలు, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి. అప్పటికి కోపం మచ్చుకైనా లేదు. ఈ ముసలాయన రాత్రివేళ దొంగలా తొట్టి నింపుకుని, తమ నోళ్ళ కోసం తాడు పిసుకుతూ కూర్చోవడం ఊహించుకుంటే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తన పుట్టింట్లో ఎవరూ తన కోసం ఇంత తెలివితక్కువ పని చెయ్యలేదని ఆవిడకు అనిపించింది, అలా అనిపించినందుకు హాయిగానూ ఉంది.

చెడిన తాడును ఆ రోజే ముక్కలు చెయ్యాలి, పొరపాటున కూడా ఎవరూ కట్టుకోకుండా. అదీ ఎక్కేవాళ్ళ ఆచారమే. కోడలు పెద్ద కత్తెర తెచ్చింది. మామగారు తాడు బిగించి పట్టుకున్నారు, ఆవిడ మూరకో చోట కత్తిరించుకుంటూ పోయింది. ఎదురింట్లో పడవాయన తెడ్డు ఆపి, ఈ మామాకోడళ్ళు పొద్దున్నే ఏం కోస్తున్నారా అని చూస్తున్నాడు. ఎండ పడవ ముక్కు మీద పడింది.

"వీటితో కాళ్ళు తుడుచుకునే పట్టా అల్లుతా" అన్నారు మామగారు. "మడమలు రుద్దుకోవడానికి బాగుంటుంది."

"బ్లీచింగు పెట్టిన పట్టా. క్రిమి అన్నది గుమ్మంలోకి రాదు."

ఆయన నవ్వారు. తప్పు చేసి దొరికిపోయిన మనిషి క్షమించబడ్డాక నవ్వే నవ్వు. "నీ ప్రయాణం పాడు చేశాను కదమ్మా. ఇన్నాళ్ళు ఎదురుచూసి..."

"పాడేం కాలేదు మామయ్యా. బల్లి తాడు ఉందిగా. ఊరు మూయకముందు నుంచీ అది దాని ఇంట్లోనే ఉంది. ఈవేళ దాంతోనే ఎక్కుతాం."

మామగారి చేతిలోని తాడు ముక్క జారి పడింది.

"ఏమైంది?"

 మంచినీళ్ళు ఇవ్వబోతే వద్దని తల ఊపారు. "దాని తాడూ ఇక్కడే ఉండేదమ్మా" అన్నారు చివరికి. "నీ తాడు సంచి వెనకాలే. చివరిసారి వెళ్ళొచ్చినప్పుడు మీ ఆయన రెండూ కలిపి అటకెక్కించాడు. నువ్వు చూడలేదు."

"ఉంటే ఏమైంది? ఇప్పుడు ఎక్కడ?"

"నిన్న సాయంత్రం బల్లి కింద నిలబడి అడిగింది. నువ్వు ఫోనులో ఉన్నావు. తాడున్న సంచికి బట్టలారేసే తాడు కట్టి బాల్కనీ నుంచి నేనే దించాను." ఆయన కోడలి మొహంలోకి చూడలేకపోయారు. "తొట్టిలో రెండూ కలిపే నానబెట్టానమ్మా."

కోడలు లేచి వంటింట్లోకి పరిగెత్తింది. షిఫ్టులో ఉన్నంతసేపూ సొంత ఫోను అక్కడ పెడుతుంది. బల్లి పంపిన మాటలు దాని మీద ఎప్పటి నుంచో కూర్చుని ఉన్నాయి.

'వదినా, పైకి వచ్చేశా. తాడు కట్టేశా. నాన్న సబ్బు పెట్టి ఉతికాడనుకుంటా, మధ్య గుర్తు కూడా పోయింది! మళ్ళీ గీశాలే. నీ కోసం చూస్తా. ఎండ మొహం మీదికి వచ్చేలోగా నువ్వు రాకపోతే నేను దిగిపోతా. ఫోను కట్టేస్తున్నా, బండ మీద ఫోనేమిటి, దరిద్రం.'

కోడలు ఫోను చేసింది. కట్టేసి ఉంది. మళ్ళీ చేసింది. కట్టేసే ఉంది. ఈ తాడు గొడవలో పొద్దెక్కిపోయింది, ఇప్పుడు సైకిలు మీద వెళ్ళేసరికి ఎండ బండంతా కాల్చేస్తుంది. మొగుడు ఏ పైపుల దగ్గరున్నాడో, అక్కడి నుంచి వచ్చేసరికి అదే పరిస్థితి. ఇంట్లో కారుంది. కారు తోలగల మనిషి ఒక్కడే ఉన్నాడు.

వెనక్కి తిరిగితే ఆ మనిషి వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఉతికిన చొక్కా గుండీలు పెట్టుకుంటూ. చేతిలో కారు తాళాలున్నాయి. కాళ్ళకు మాత్రం ఏమీ లేవు.

"నా కూతురమ్మా" అన్నారాయన. అంతకంటే ఏమీ అనలేదు.

న్యుమోనియా, ఆస్పత్రి, టీవీలో వచ్చిన ఆంక్ష, డాక్టరు చేసిన హెచ్చరిక అన్నీ ఒక్కసారి కోడలి కళ్ళ ముందు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఆయన్ని గడప దాటనివ్వనిది తనే. ఆవిడ ఒక కాలు వంటింటి గట్టు మీద, ఒక కాలు కిటికీ అంచు మీద వేసి, నిచ్చెన లేకుండానే అటకెక్కి, పాత ఫ్యాను పెట్టె లాగింది.

బూట్ల మీద దుమ్ము లేదు. నల్లగా తళతళలాడుతున్నాయి. లేసులు విప్పి, మడత పెట్టి, లోపల పెట్టి ఉన్నాయి.

కోడలు ఒక బూటు పైకెత్తి వెలుతురులో తిప్పి చూసింది.

"తాళ్ళ కోసం ఎక్కినప్పుడు కనబడ్డాయి" అన్నారు మామగారు కింద నుంచి, కాస్త మొహమాటంగా. "అప్పుడప్పుడూ పాలిష్ చేసి మళ్ళీ అక్కడే పెడుతున్నా. నువ్వు దాచినవి నేను తీసేసుకుంటే నీ మాటకి విలువేముంటుంది?"

ఆవిడ కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆగలేదు. దూకింది. కింది వాటావాళ్ళు చీపురుకట్టతో పొడిచారు. ఆయన కుర్చీలో కూర్చుని ఒక బూటు తొడుక్కుంటే ఆవిడ రెండోదానికి లేసు కట్టింది. తనో మాస్కు పెట్టుకుని, ఆయన మొహానికి ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు బిగించింది.

"దారిలో ఆపితే ఏం చెప్తారు మామయ్యా?"

"కోడలికి డ్రైవింగు రాదని నిజమే చెప్తా. ముందు నువ్వు పద."

ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. మామగారు సీటు ముందుకు జరుపుకుని, అద్దం సరిచేసుకుని, బూటు కాలితో బ్రేకు ఒకసారి నొక్కి చూశారు. కోడలు పక్కన కూర్చుని, కారు అద్దంలోంచి ఎదురింటి బాల్కనీ కేసి తలెత్తి చూసింది. పడవాయన టోపీ పెట్టుకుంటున్నాడు. ఎండ పడవ నడుము దాటేసి, తోకకు మూరెడు దూరంలో ఉంది.